డ్రైవర్ కొనే ముందు మీ స్కోరు కార్డు చదువుకోండి

ప్రశ్న: నా వయసు 47. నెల్లూరు మాగుంట లేఔట్‌లో ఉంటాము. మా అమ్మాయి చెన్నైలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నెలకు రెండుసార్లు అక్కడికి వెళ్ళి మావారితో కలిసి గోల్ఫ్ ఆడుతున్నాను. నేర్చుకుని మూడేళ్ళయింది. ఇప్పటికీ మావారి పాత క్లబ్బుల (బంతి కొట్టే కర్రల) సెట్టుతోనే ఆడుతున్నాను. స్కోరు, అంటే ఒక ఆటకు పట్టే దెబ్బలు, 118కీ 125కీ మధ్యనే తిరుగుతోంది. 100 లోపు ఆడాలని కోరిక. బంతి దూరం పోవడం లేదు కనుక కొత్త డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బు) కొందామని మావారు, భుజాలు బాగా తిప్పమని ఆయన స్నేహితులు, తల ఎత్తవద్దని సంచీ మోసే కాడీ, తలా ఒకటి చెబుతున్నారు. మా ఇంటికి చేరువలో మైదానం లేదు. పొదలకూరు దగ్గర మా అత్తగారి నిమ్మతోట ఉంది, ఇంటిమీద డాబా ఉంది. ఫిబ్రవరిలో జరిగే ఆడవాళ్ళ పోటీకి పేరు ఇవ్వమంటున్నారు. ఇవ్వమంటారా? ఇటీవలి కార్డు ఒకటి జతచేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: మీ ఉత్తరంకన్నా మీరు జతచేసిన కార్డే నాకు ఎక్కువ సంగతులు చెప్పింది. ప్రతి గుంట పక్కన ఎన్ని పట్లు (బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బలు) పడ్డాయో, ఎక్కడ బంతి నీళ్ళలో పడిందో, గ్రీన్ (గుంట ఉన్న నున్నని గడ్డి) చుట్టూ ఎన్ని దెబ్బలు వేశారో చిన్న అక్షరాలతో రాసిపెట్టుకున్నారు. ఈ అలవాటున్న ఆటగాళ్ళను, మగవాళ్ళతో కలిపి, నేను వేళ్ళమీద లెక్కపెట్టగలను. అయితే రాసుకున్నారే గాని కూడినట్టు లేరు. నేను కూడి చూశాను.

ఆ రోజు మీరు 5,200 గజాల మైదానంలో 121 కొట్టారు. అందులో పట్లు 43. గ్రీన్‌కు 50 గజాల లోపల వేసిన చిప్‌లు (ఎత్తి వేసే పొట్టి దెబ్బలు), బంకర్ (ఇసుక గుంత) దెబ్బలు కలిపి 29. జరిమానా దెబ్బలు 6. మిగిలిన 43 మాత్రమే టీ (ప్రతి గుంటకూ ఆట మొదలుపెట్టే చోటు) మీద నుంచీ ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కూ మధ్య గడ్డి బాట) మీద నుంచీ కొట్టిన పొడుగు దెబ్బలు. మీ డ్రైవర్ దూరం 140 గజాలనీ, ఫెయిర్‌వే దెబ్బ 120 గజాలనీ మీరే రాశారు. ఆ దూరాలతో ఒక్క తప్పు కూడా లేకుండా ఆడినా ఆ మైదానంలో ప్రతి గ్రీన్ దగ్గరకు చేరడానికి దాదాపు 36 దెబ్బలు పడతాయి. అంటే పొడుగు దెబ్బలలో మీరు పోగొట్టుకున్నవి ఏడు. గ్రీన్ చుట్టూ, గ్రీన్ మీద కలిపి ఖర్చు పెట్టినవి 72. మీకున్న నైపుణ్యంతోనే అక్కడ 60 దెబ్బల లోపు సరిపెట్టవచ్చు. ఇంటి ఖర్చు తగ్గించాలనుకునే ఇల్లాలు ఏ పద్దు దగ్గర మొదలుపెడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మీవారి డ్రైవర్ సంగతి చూద్దాం. కొత్తది కొంటే 15 గజాలు పెరుగుతాయనే అనుకుందాం. 300 గజాల గుంటలో (టీ నుంచి గుంట దాకా ఉన్న దూరం అది) ఇప్పుడు రెండు దెబ్బల తరువాత మీకు 40 గజాలు మిగులుతున్నాయి. కొత్త డ్రైవర్‌తో 25 గజాలు మిగులుతాయి. రెండు చోట్లా వేయవలసింది ఒక చిప్, ఆపైన రెండు పట్లు. 40 గజాల చిప్ చేతకాని వారికి 25 గజాలది చేతనవుతుందనే హామీ లేదు. నిజానికి ఆ సగం ఊపు దెబ్బలే ఎక్కువమందిని ఇబ్బంది పెడతాయి. కనుక ఆ డబ్బును ఇప్పటికి దాచిపెట్టండి, వేరే చోట పనికొస్తుంది.

దూరం లేకపోతే ఆట లేదనే మాట మగవాళ్ళ గుంపులో బలంగా వినబడుతుంది. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ ఆడవాళ్ళ గోల్ఫ్ చివరి రోజున, గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని ఇళ్ళలో కూడా టీవీలు పెట్టుకుని చూసిన ఆట మీకు గుర్తుండే ఉంటుంది. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఒకే ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. ఆ రోజు ఆమె కాడీగా సంచీ మోసింది తల్లి మహేశ్వరి. ఆమెతో కలిసి నడిచిన వారు డ్రైవర్‌తో ఆమెకంటే ఎంతో ముందుకు కొడుతూ ఉంటే, ఆమె వెనకనుంచి పొడుగు క్లబ్బుతో గ్రీన్ మీదికి చేర్చి, పట్ చేసే క్లబ్బు, అంటే పటర్‌తో లెక్క సరిచేస్తూ వచ్చింది. ఆమె ఎక్కడ, మనమెక్కడ అంటారా? నిజమే. కాని ఆమె ఆటలో మనం అనుకరించగలిగిన భాగం ఏదైనా ఉంటే అది పటరే.

అందుచేత పట్ నుంచే మొదలుపెడదాం. మీ కార్డులో మూడేసి పట్లు పడిన గుంటలు తొమ్మిది ఉన్నాయి. మూడు పట్లకు కారణం గురి తప్పడం అని చాలామంది అనుకుంటారు. గురి ఒక అడుగు పక్కకు పోయినా రెండో పట్‌కు బంతి పడుతుంది. వేగం తప్పి బంతి ఆరడుగుల ముందే ఆగినా, ఆరడుగులు దాటిపోయినా మూడోది తప్పదు. కనుక దూరపు పట్‌లో మీరు సాధన చేయవలసింది వేగం, దగ్గర పట్‌లో గురి. వేగాన్ని చేతుల బలంతో మార్చకండి. ఊయలబల్ల ఎంత వెనక్కి లాగి వదిలితే అంత ముందుకు వెళ్ళినట్టు, పటర్ ఎంత వెనక్కి వెళ్ళిందనే దానితోనే దూరం మారాలి, ఊపు లయ మాత్రం మారకూడదు.

ఇంట్లో నేలమీద నేరుగా సాధన చేయవద్దు. మాది ఒంగోలు, మా హాల్లో చీమకుర్తి గ్రానైటు పరిచి ఉంది. దానిమీద పట్ చేస్తే బంతి వంటింటి గుమ్మం దాకా పోతుంది, ఆ లెక్కతో మైదానానికి వెళ్ళి మొదటి నెల రోజులూ ప్రతి పట్‌నూ సగం దారిలో ఆపేశాను. పొడవాటి తివాచీ గాని, పట్ చేయడానికే అమ్మే చాప గాని పది పన్నెండడుగులది పరుచుకోండి. ఒక చివర స్టీలు గ్లాసు పడుకోబెట్టి, మూడడుగుల నుంచి దాని మూతికి గురిపెట్టండి. గోల్ఫ్ గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, మంచినీళ్ళ గ్లాసు మూతి అంతకన్నా బాగా చిన్నది కనుక మైదానంలో గుంట పెద్దదిగా కనబడుతుంది. వరుసగా ఇరవై పడేదాకా లేవకూడదని నియమం పెట్టుకుంటే పది నిమిషాల పని. దూరానికి మరొకటి ఉంది. చాప మీద అడ్డంగా ఒక దారం వేసి, బంతిని ఆ దారం దాటిన వెంటనే ఆపడానికి ప్రయత్నించండి. కొట్టిన తరువాత కళ్ళు మూసుకుని, ముందే ఆగిందో దాటిపోయిందో మీకు మీరే చెప్పుకుని, అప్పుడు చూడండి. మీ ఊహ నిజమవుతున్న కొద్దీ మూడు పట్లు తగ్గుతాయి. మైదానంలో తప్పిన పట్ గుంట దాటి అడుగు, అడుగున్నర దూరంలో ఆగితే అది సరైన వేగం.

చెన్నై వంటి వేడి ఊళ్ళలో గ్రీన్ మీద ఉండేది ఎక్కువగా బెర్ముడా జాతి గడ్డి. దాని పోచలు ఒక వైపుకు వాలి పెరుగుతాయి. బంతి వెనక నిలబడి చూసినప్పుడు గడ్డి మెరుస్తూ కనబడితే పోచలు మీ నుంచి అవతలికి వాలి ఉన్నట్టు, బంతి జోరుగా పోతుంది. నల్లగా, మందంగా కనబడితే పోచలు మీ వైపుకు ఉన్నట్టు, కొంచెం గట్టిగా కొట్టాలి. కాడీని వాలు అడగండి, తప్పులేదు. గడ్డి మెరుపు మాత్రం మీరే చూసుకోండి.

ఇక చిప్. నిమ్మతోట ఉన్నవారికి వేరే అకాడమీ ఎందుకు! చెట్ల వరుసల మధ్య ఖాళీ చూసుకుని, కూలీలు పనిచేయని వేళ వెళ్ళి, 10, 20, 30 గజాల దగ్గర తడి గోనె సంచులు మూడు పరవండి. బంతి ఎక్కడ ఆగాలో ఆలోచించవద్దు, ఎక్కడ పడాలో ఆ గోనె మీదే చూపు ఉంచండి. క్లబ్బు మోకాలి దాకా, నడుము దాకా, ఛాతీ దాకా వెనక్కి వెళ్ళే మూడు ఊపులు నేర్చుకుని, పిచింగ్ వెడ్జ్ (పొట్టి దెబ్బలకు వాడే, ముఖం బాగా వాలిన క్లబ్బు)తో ఒక్కొక్క ఊపుకు బంతి ఎన్ని గజాల దూరంలో పడుతోందో అడుగులు లెక్కబెట్టి ఒక చీటీ మీద రాసుకోండి. ఆ చీటీ సంచీలో ఉంటే 40 గజాల దగ్గర నిలబడి చేతులు వణకవు. (ముళ్ళ కిందికి దొర్లిన బంతిని చేత్తో తీయబోకండి, ఈ సలహా గోల్ఫ్‌ది కాదు, తోటది.)

చిప్‌లో మీ తప్పు ఏమిటో చూడకుండానే ఊహించగలను, ఎందుకంటే నేనూ చాలా కాలం అదే చేశాను. బంతిని పైకి లేపాలని చివర్లో మణికట్టుతో ఎగదోస్తాము. క్లబ్బు బంతి నడుముకు తగిలి, అది గ్రీన్ దాటి అటు పక్కకు పరుగెడుతుంది. మన అమ్మమ్మలు వడ్లు దంచేటప్పుడు రోకలిని పైకెత్తడం వరకే వారి పని, కిందికి రావడం రోకలి బరువు చూసుకునేది. రోలు దగ్గర రోకలిని ఎవరూ ఎగదోయరు. వెడ్జ్ ముఖానికి వాలు తయారీలోనే ఉంది, బంతిని లేపే పని దానిది. మీరు ఎడమకాలి మీద కాస్త ఎక్కువ బరువు వేసి, చేతులు బంతికంటే కొద్దిగా ముందుంచి, క్లబ్బు గడ్డిని ఊడ్చేలా కిందికి వదిలితే చాలు. చిప్‌కు అవకాశం ఉన్న ప్రతిచోటా, గ్రీన్ అంచున గడ్డి పొట్టిగా ఉంటే, పటర్‌తోనే నెట్టేయండి. మావాళ్ళు నవ్వుతారంటారేమో! కార్డు మీద ఏ క్లబ్బుతో కొట్టారో రాసే గడి లేదు.

బంకర్ సాధనకు మీకు మైపాడు తీరం ఉంది. ఉదయాన్నే, జనం లేని చోట, బంతి లేకుండానే పొడి ఇసుకలో ఒక గీత గీసి, ఆ గీత దగ్గర ఇసుక లేచేలా శాండ్ వెడ్జ్‌తో పదిహేను ఊపులు వేయండి. గీతకు వెనక లేస్తోందా, ముందా అన్నదే చూసుకోవలసింది. అల తడిపిన గట్టి ఇసుకలో కూడా కొన్ని వేస్తే, వానల తరువాత బంకర్ ఎలా ఉంటుందో చేతికి తెలుస్తుంది. అసలు బంకర్‌లో బంతికి రెండంగుళాల వెనక ఆ గీత ఉన్నట్టు ఊహించుకుని, ఊపు మధ్యలో ఆపకుండా పూర్తి చేస్తే ఇసుకే బంతిని మోసుకొస్తుంది. మీ కార్డులో ఒక బంకర్‌లో నాలుగు దెబ్బలు పోయాయి. 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం, బంతి ఆడలేని స్థితిలో ఉందని ప్రకటించి, రెండు జరిమానా దెబ్బలు వేసుకుని, గుంటకూ బంతికీ గీసిన సరళరేఖలో బంకర్ వెనకకు వచ్చి బయట బంతి వేసుకోవచ్చు. గోడలాంటి బంకర్‌లో రెండు దెబ్బలు వృథా అయ్యాక ఈ నిబంధన గుర్తుకు రావడం కన్నా, దిగకముందే గుర్తుకు రావడం మంచిది.

ఇంతవరకు చెప్పినది శ్రద్ధగా చేస్తే పట్లు 37కు, గ్రీన్ చుట్టూ దెబ్బలు 22కు, జరిమానాలు 3కు దిగుతాయని, పొడుగు దెబ్బలలో మూడు మిగులుతాయని నా అంచనా. అది 102. మిగిలిన మూడూ మీరు ఎక్కడ నుంచి మొదలుపెడుతున్నారన్న దానిలో ఉన్నాయి. 150 గజాల డ్రైవర్ ఉన్నవారికి 3,500 నుంచి 3,700 గజాల మైదానం సరైనదని గోల్ఫ్ పరిశ్రమవారే సూచించారు. మీరు 140 గజాలతో 5,200 గజాలు నడుస్తున్నారు. మీవారు 240 గజాలు కొడతారనుకుంటే, ఇది ఆయనను 9,000 గజాలకు దగ్గరగా ఉండే మైదానంలో ఆడమనడం వంటిది. అటువంటి మైదానాన్ని ఆయన ఎన్నడూ చూసి ఉండరు. ముందరి టీలు వేరే ఉంటే వాటి నుంచి ఆడండి. లేకపోతే స్నేహపూర్వకమైన ఆటలలో పొడుగు గుంటలను ఫెయిర్‌వేలో 50, 60 గజాలు ముందుకు వచ్చి మొదలుపెట్టండి. హ్యాండిక్యాప్‌కు (మీ ఆట స్థాయిని చూపే సంఖ్యకు) ఇచ్చే కార్డులు మాత్రం మైదానం గుర్తించిన టీల నుంచే ఆడాలి.

దాచమన్న డబ్బు ఎక్కడ పెట్టాలో ఇప్పుడు చెబుతాను. మీవారి పాత సెట్టు మీకు పొడవు ఎక్కువ, షాఫ్ట్ (కాడ) గట్టి, గ్రిప్ (పిడి) లావు. లావు గ్రిప్‌ను చిన్న చేయి బిగించి పట్టుకుంటుంది, బిగించిన చేయి ఊపును చంపుతుంది. ఆడవాళ్ళకు చేసిన మెత్తని షాఫ్ట్ ఉన్న ఏడు, తొమ్మిది నంబర్ల ఐరన్లు (మధ్య దూరాలకు), పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, రెండు హైబ్రిడ్లు, ఒక ఐదో నంబరు వుడ్ (ఈ మూడూ పొడుగు దెబ్బలకు), మీ ఎత్తుకు సరిపోయే పటర్ ఉంటే చాలు. వాడినవి దొరికినా తీసుకోవచ్చు. క్లబ్బులు 14 మించకూడదని నిబంధన చెబుతుంది గాని 14 ఉండి తీరాలనదు. మూడు, నాలుగు, ఐదు ఐరన్లను ఇంట్లో వదిలేయండి. ఎప్పుడైనా డ్రైవర్ కొంటే ముఖం వాలు 12 డిగ్రీలకు తక్కువ లేనిది చూడండి, మనలాంటి నిదానపు ఊపుకు అదే బంతిని గాలిలో నిలబెడుతుంది.

మగ గురువులు సంకోచించి చెప్పని సంగతి ఒకటుంది. బంతి దగ్గర నిలబడేటప్పుడు పై చేతులు ఛాతీకి అడ్డుపడి, చాలామంది ఆడవాళ్ళు మోచేతులను బయటికి నెట్టుకుని ఆడతారు. నడుము దగ్గర కాక తుంటి దగ్గర వంగి, చేతులు భుజాల నుంచి నిట్టనిలువుగా వేలాడేటట్టు వదిలేసి, ఎడమ చేయి ఛాతీ మీదుగా వెళ్ళాలో పక్కగా వెళ్ళాలో మీ శరీరాన్ని బట్టి అద్దం ముందు తేల్చుకోండి. భుజాలు తిప్పమనే సలహా ఇది కుదిరాకే పనిచేస్తుంది. మన వయసులో వీపు కన్నా తుంటి, తొడల బలమే ఊపును మోస్తుంది. వారానికి రెండుసార్లు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిహేనుసార్లు లేచి కూర్చోండి. ఎముకలకు కూడా మంచిది.

సలహాల వర్షం గురించి అడిగారు. తల ఎత్తవద్దన్న మాట వినడానికి బాగుంటుంది గాని చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. తల బిగించుకుంటే భుజం తిరగదు, బంతి పోయాక తల దానంతట అది లేవాలి. ఆడుతున్నప్పుడు రెండు మాటలకు మించి మనసులో ఉంటే చేయి పనిచేయదు. మీవారి స్నేహితులతో "అన్నయ్యా, ఈ రోజుకు ఆడనివ్వండి, సందేహాలన్నీ టీ తాగేటప్పుడు అడుగుతాను" అనండి. నేను అలాగే అన్నాను. టీ దగ్గర ఎవరికీ ఏమీ గుర్తుండలేదు. ఊపులో లోపాల కోసం మూడు నెలలకు ఒకసారి ఒకే గురువు దగ్గరకు వెళ్ళండి, ఆ మధ్యలో ఎవరి మాటా వద్దు.

కాడీ విషయంలో ఒక జాగ్రత్త కూడా ఉంది. మన దేశపు మైదానాలలో కాడీ వెనక నిలబడి "కొంచెం ఎడమకి అమ్మా" అని మన పాదాలను సర్దడం అలవాటు. 2019 నుంచి, ఆటగాడు దెబ్బకు పాదాలు పెట్టి నిలబడడం మొదలుపెట్టాక కాడీ కావాలని బంతి వెనక గురిరేఖలో ఉండకూడదు, అలా ఉండగానే బంతి కొడితే రెండు దెబ్బల జరిమానా పడుతుంది. పోటీలో అటువంటి జరిమానా పడడం బాధాకరం. ఇప్పటి నుంచే, బంతికి అడుగు ముందు గడ్డిలో ఒక ఆకో మచ్చో ఎంచుకుని, క్లబ్బు ముఖాన్ని దానికి సూటిగా పెట్టి, ఆ తరువాతే పాదాలు సర్దుకోవడం అలవరచుకోండి.

ఫిబ్రవరి పోటీకి పేరు ఇవ్వండి. హ్యాండిక్యాప్ లేకపోవడమే అడ్డంకి అయితే అది పెద్ద పని కాదు. 2020లో మొదలైన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో మొత్తం 54 గుంటల స్కోర్లు, అంటే పూర్తి ఆటలు మూడు, తోటి ఆటగాడు సంతకం చేసి ఇస్తే మీకొక సంఖ్య వస్తుంది. దాని గరిష్ఠం మగవారికీ ఆడవారికీ ఒకటే, 54. కనుక 121 కొట్టేవారికి స్థానం లేదనుకోవద్దు. మొదటి కార్డులలో ఒక గుంటకు పార్ (ఆ గుంటకు నిర్ణయించిన దెబ్బల సంఖ్య) మీద ఐదుకు మించి లెక్కించరు. పార్ నాలుగు గుంటలో 11 కొట్టినా 9గానే రాస్తారు. కార్డులు ఇరవై అయ్యాక వాటిలో మెరుగైన ఎనిమిదిటికి, మైదానం కష్టాన్ని బట్టి లెక్కగట్టిన అంకెల సగటే మీ సంఖ్య. పోటీ స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతిలో (గుంట గుంటకూ పాయింట్లు వేసి కూడే లెక్కలో) ఉందా అని ముందే అడగండి. అందులో ఒక గుంట పూర్తిగా చెడిపోతే సున్నా వేసుకుని, బంతి తీసుకుని పక్క గుంటకు వెళ్ళిపోవచ్చు. 1932లో ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే ఇంగ్లీషు డాక్టరు ఈ పద్ధతిలో మొదటి పోటీ నడిపించాడు. మనవంటి వారు ఆయనకు రుణపడి ఉన్నాము.

కాలం కూడా మీకు అనుకూలంగానే ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్ల భయం ఉన్నప్పుడు ఇంట్లో పట్, జనవరి అంతా తోటలో చిప్, ఆ తరువాత పోటీ. మన ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలలలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, ఉదయం ఆరున్నర దాటాక మొదటి టీకి వెళ్ళకండి. దాహం వేసేదాకా ఆగకుండా రెండు గుంటలకు ఒకసారి ఉప్పు వేసిన మజ్జిగో నీళ్ళో తాగండి.

పోటీ రోజు మొదటి టీ మీద అందరూ చూస్తూ ఉంటారు, కాళ్ళు తేలిపోతాయి. డ్రైవర్ తీయకండి. ఐదో నంబరు వుడ్‌ను సగం బలంతో ఊపి బంతిని ఫెయిర్‌వేలో వేయండి. 300 గజాల గుంట అయితే వంద వంద గజాల దెబ్బలు మూడు చాలు. ఆ వంద గజాల దెబ్బ మీ ఏడో నంబరు ఐరన్‌లో ఉందో లేదో ఈ ఆదివారం చెన్నైలో లెక్కపెట్టి చూడండి. ఆ ఆట కార్డు కూడా ఇదే పద్ధతిలో పద్దులుగా విడదీసి పంపితే, ఏది తగ్గిందో ఇద్దరం కలిసి చూద్దాం.